వేసేది కంచె, కట్టేది ప్రహరీ

గండి పడుతుంది. కోట కడతారు. కంచె వేస్తారు. తెలుగులో ప్రతి మాటా తనకు నప్పే క్రియను వెంటబెట్టుకునే తిరుగుతుంది. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర మొదటి రెండూ కలిసి ఒకే ఊరిపేరయ్యాయి. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుపోయిన చోటు గండి, దాని అంచున లేచింది కోట. మిగిలిన మూడోది, కంచె, కోట లోపల నేటికీ కాపురముంటున్న ఊరివాళ్ల గొడవ.

కంచె అంటే కాపలా. ఆ కాపలాయే చేను మేస్తే దిక్కెవరని సామెత నిలదీస్తుంది. తెలంగాణకు వెళితే 'కంచ' అంటే మేతకు విడిచిన బీడు. హైదరాబాదు పక్కన కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది అదే. చుట్టూ ఉన్నదాని పేరు లోపలి నేలకు పాకింది. కోటా అంతే. గోడ ఒక్కటే కాదు, లోపలి మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ కలిస్తేనే గండికోట. తమిళుల వేలి, కన్నడిగుల బేలి వరసలో మనకు 'వెలుగు' అన్న మాట కూడా ఉంది, కంచె అనే అర్థంలోనే. దీపపు వెలుగు ముందు ఆ అర్థం మసకబారింది.

సీమలో చేనికి కంప వేస్తారు, రాతికూసాలు పాతి ముళ్లతీగ లాగుతారు, కడప బండలు నిలబెడతారు. ఇంటి చుట్టూ మాత్రం ప్రహరీ కడతారు. వేసినదాన్ని తీసేయొచ్చు, కట్టినదాన్ని పడగొట్టాల్సిందే. చట్టానికి పట్టింది ఈ రెండో క్రియే.

గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొదటిదాంట్లో కొత్తగా కట్టడానికి వీల్లేదు. ఉన్న ఇంటి మరమ్మతుకు అనుమతి అడగొచ్చు. రెండోదాంట్లో కొత్త పనికైనా ముందు దరఖాస్తు పెట్టాలి. పంచాయతీ ఇచ్చిన కాగితం ఈ అనుమతికి బదులు కాదు.

చట్టంలో 'నిర్మాణం' అంటే కట్టడాన్నో భవనాన్నో లేపడం, ఉన్నదానికి కొత్తగా చేర్చడం. పునాది తీసి లేపే ప్రహరీ అందులోకి వస్తుంది. మరి వరసగా నిలబెట్టిన బండలు? వేసినట్టా, కట్టినట్టా? ఇలాంటి చోట రచ్చబండ మీద తీర్పు చాలదు, అధికారిని రాతపూర్వకంగా అడగాలి.

ఈ చిక్కు తెలుగుకు కొత్త కాదు. 'కట్టు' అన్న ఒక్క ధాతువులోంచే కట్టడమూ పుట్టింది, కట్టడీ పుట్టింది, ఊరి కట్టుబాటూ పుట్టింది. కట్టే చేయికి కట్టడి ఉండాలన్న ఎరుక 1958కి ఎంతో ముందే మాటలో ఉంది. మాటకు అర్థమైనంతగా మనుషులకు అర్థం కాలేదు, అంతే.

అన్నట్టు, కంచె హద్దును చూపిస్తుందే గాని పుట్టించదు. హద్దును తేల్చేది 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద జరిగిన కొలత. కాబట్టి గండికోటలోనైనా, మరే ఊళ్లోనైనా, పునాదికి గడ్డపార ఎత్తేముందు సర్వే రాయి ఎక్కడుందో చూసుకోండి, అనుమతి చేతికి తీసుకోండి. మేస్త్రీని ఆ తర్వాతే పిలవండి.