వలసపక్షులు – ఖండాంతర జ్వరము

కార్తికమాసము వచ్చునప్పటికి మన చెరువులలోను, కొల్లేటిలోను, పులికాటులోను ఉత్తరదేశపు పక్షులు దిగుట పెద్దలెల్లరు ఎరిగినదే. ఎండలు ముదురగనే అవి మరల వెడలిపోవును. అవి ఎక్కడికి పోవునో, అక్కడ వేనితో కలియునో మన పూర్వులకు తెలియదు. తెలియవలసిన అగత్యమును లేకుండెను. గత ముప్పది సంవత్సరములలో ఆ అగత్యము కలిగినది. బర్డ్ ఫ్లూ అను పక్షిజ్వరము ఖండమునుండి ఖండమునకు ప్రాకిన చరిత్రలో ఈ పక్షుల పేరు పదేపదే వినవచ్చుచున్నది. ఆ నింద ఎంతవరకు నిజమో విచారింతము.

ముందుగా ఒక సందేహము తీర్పవలెను. మన పల్లెకోళ్లకు వచ్చు కొక్కెరతెగులు వేరు, ఇది వేరు. కొక్కెరను పశువైద్యులు రాణిఖేతు వ్యాధి యందురు. రెండింటను కోళ్లు మూకుమ్మడిగా చచ్చును గనుక చూపునకు ఒక్కటిగనే తోచును. ఈ పక్షిజ్వరము మనుష్యులకు వచ్చు ఇన్‌ఫ్లుయెంజాకు దాయాది. 1878లో ఇటలీదేశమున పెర్రొన్‌చితో అను పండితుడు దీనిని మొదట వర్ణించెను. అది ఇన్‌ఫ్లుయెంజా వైరసుచేతనే కలుగునని 1955లో జర్మనీ శాస్త్రజ్ఞుడు షేఫర్ కనుగొనువరకు లోకమునకు తెలియలేదు.

అంతవరకు ఇది పెంపుడుకోళ్ల రోగముగనే యెన్నబడెను. 1961లో దక్షిణాఫ్రికా తీరమున టెర్నులను సముద్రపుపిట్టలు వెయ్యికి పైగా చచ్చిపడగా, వానిలో ఈ జాతి వైరసే కానవచ్చెను. కొన్నేండ్లకు వెబ్‌స్టర్, లేవర్ అను ఇద్దరు పండితులు ఆస్ట్రేలియాలో సముద్రపుటొడ్డున నడచుచుండగా ఇసుకపై చచ్చిన పక్షులు వారి కంటబడెను. ఆ టెర్నుల సంగతి జ్ఞప్తికి వచ్చి, ఇవియు ఆ జ్వరముననే చచ్చెనేమో యని వారికి తోచెను. ఆ యనుమానమును పట్టుకొనిపోయి, 1970 దశకపు ఆరంభమున గ్రేట్ బారియర్ రీఫ్ దీవులలో, ఏ జబ్బును లేని సముద్రపక్షుల దేహమునుండియే వారి బృందము ఇన్‌ఫ్లుయెంజా వైరసును తీసెను. పిదప వెబ్‌స్టరును ఆయన తోడివారును కెనడా సరస్సులలో ఏటేట అడవిబాతులను పట్టి పరీక్షించిరి. వేసవి చివర ఆ యేటి పిల్లబాతులలో అనేకము వైరసు కలవై యుండెను. జబ్బు మాత్రము కానరాదు. వైరసు వాని ప్రేగులలో పెరిగి రెట్టతో నీటిలో పడును. ఆ నీరు త్రాగిన మరియొక బాతునకు అంటును. చల్లని నీటిలో అది చాలదినములు చావదు. బాతునకును వైరసునకును ఏనాడో కుదిరిన పొత్తు అది.

అట్టి సాధువు క్రూరముగ మారినది ఎక్కడ? కోళ్లదొడ్లలో. వేలకొలది కోళ్లు ఒక్క కప్పు క్రింద నిలిచినచోట అది క్షణక్షణమునకు చేతులు మారుచు, కొన్ని జాతులలో ప్రాణాంతకమైన రూపు దాల్చును. 1996లో చైనాదేశపు గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు హంసబాతులయందు హెచ్5ఎన్1 అను రకము బయలుపడెను. మరుసటియేడు హాంగ్‌కాంగులో అది 18 మంది మనుష్యులకు సోకగా ఆరుగురు మరణించిరి. ఆ నగరమందలి కోళ్లనన్నింటిని, 13 లక్షలకు పైబడినవానిని, కొలదిదినములలో చంపివేసిరి. అడవిపక్షులు ఇంకను ఈ కథలోనికి రాలేదని గమనింపవలెను.

అవి వచ్చినది 2005లో. చైనాలో సముద్రమట్టమునకు 3,200 మీటర్ల యెత్తున చింఘై సరస్సు గలదు. ఆ వసంతమున అచ్చట 6 వేలకు పైగా పక్షులు చచ్చెను. వానిలో తలపై రెండు నల్లపట్టెలుగల బూడిదవన్నె పెద్దబాతులు ఎక్కువ. హిమాలయములను దాటి శీతకాలమున మన దేశమునకు వచ్చునవి ఇవియే. పెంపుడుపక్షులలో క్రూరమైన రోగము మరల అడవిపక్షులకే అంటినది. ఆ యేడే వైరసు సైబీరియా, కజకస్థానములను, పిదప టర్కీ, రుమేనియాలను చేరెను. 2006 ఫిబ్రవరిలో ఆఫ్రికాలోని నైజీరియాలోను, మన మహారాష్ట్రమందలి నవాపురములోను కానవచ్చెను.

అప్పుడు పండితులలో పెద్ద తగవు పుట్టెను. పక్షులే మోసినవని కొందరు, కోడిపిల్లల వ్యాపారమే మోసినదని కొందరు. నైజీరియాలో రోగము మొదట బయటపడినది సరస్సులో గాదు, పెద్ద కోళ్లఫారములో. రెండు దారులను వైరసు వాడుకొన్నదని నా యభిప్రాయము. రైలుబండిలో పోయిన రోగమునకు కాలిబాట తెలియదనరాదు గదా.

అయితే సముద్రములను దాటిన తీరు చూడగా పక్షుల పాలు స్పష్టమగును. ఉత్తరధ్రువప్రాంతపు వేసవి పక్షులకు పుష్కరము వంటిది. ఆసియా బాతులును అమెరికా బాతులును బేరింగ్ జలసంధికి ఇరువైపుల గూళ్లు కట్టి, ఒక్క నీటిలో మునిగి, ఎవరి దారిని వారు దక్షిణమునకు మరలును. 2014 చివర హెచ్5ఎన్8 ఆ త్రోవనే ఉత్తర అమెరికా పశ్చిమతీరమును చేరెనని వైరసుల జన్యువులను పోల్చి తేల్చిరి. మరుసటియేడు అమెరికాలో సుమారు 5 కోట్ల కోళ్లు నశించెను. 2021 చివర మరియొక హెచ్5ఎన్1 యూరపునుండి అట్లాంటికును దాటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండులో దిగెను. 2022 ముగియకముందే పెరూ తీరమున గూడబాతులు వేలకొలది చచ్చెను, పిదప సముద్రసింహములకును సోకెను. 2023లో అర్జెంటీనా తీరమున ఏనుగుసీళ్ల పిల్లలు 17 వేలకు పైగా నశించెను. 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ఖండమున స్కువా పక్షులలో వైరసు కానవచ్చెను. ఆ మంచునేలకు కోళ్ల వర్తకుడు ఎవడును పోలేదు.

మన దేశమున 2020 డిసెంబరు, 2021 జనవరి నెలలలో హిమాచలప్రదేశమందలి పాంగ్ ఆనకట్ట సరస్సులో రెండువేలకు పైగా పక్షులు చచ్చెను. వానిలోను పెక్కు ఆ పట్టెల తల బాతులే. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి వేల్పూరునందును, తూర్పు గోదావరి కానూరునందును రోగము నిర్ధారణయై కోళ్లరైతులు మిక్కిలి నష్టపడిరి.

ఇట్టి వేళ కొంగలు గూళ్లుకట్టు చెట్లను కొట్టివేయుదమను మాట కొందరి నోట వచ్చుట సహజము. అది ప్రమాదకరము. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ అడవిపక్షులను చంపవద్దనియే చెప్పుచున్నది. బెదరిన గుంపు చెదరి, రోగము నలుదెసల పాకును. మరియొక మాట. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునందును, అనంతపురసీమ వీరాపురమునందును పల్లెవారు తరతరములుగా కాపాడుచున్న గూడబాతులను, ఎర్రకాళ్లకొంగలను జనులు సైబీరియా పక్షులందురు. అవి సైబీరియానుండి వచ్చునవి గావు; భారతదేశమున పుట్టి, వానలను చెరువులను అనుసరించి ఈ దేశములోనే తిరుగాడునవి.