డెల్టా పొలములందు తొలితరపు ట్రాక్టరు



కృష్ణాడెల్టా చరిత్ర యనగానే మనకు ఆనకట్టయు కాలువలును స్ఫురించును. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ యెంత నశించినదియు, 1852లో ఆరంభించి 1855లో ముగించిన బెజవాడ ఆనకట్ట యీ ప్రాంతము నెట్లు అన్నపూర్ణగా మార్చినదియు పుస్తకములు చెప్పుచునే యున్నవి. 1952లో ఆ ఆనకట్ట తెగినది; 1957 నాటికి ప్రకాశం బ్యారేజి తయారైనది. కాని నీరు వచ్చినంతమాత్రమున పంట రాదు గదా! ఈ నేలను దున్నినదెవరు, దేనితో దున్నిరి యను ప్రశ్నకు సమాధానము గ్రంథములలో తక్కువ, మన కొట్టములలో నెక్కువ. అట్టి కొట్టములలో తుప్పుపట్టి పడియున్న పాతట్రాక్టరును గూర్చియు, దానిని ఇంటిపట్టున బాగుచేసికొను విధమును గూర్చియు నేడు ముచ్చటింతును.

మన నల్లనేల స్వభావము మీకు తెలియనిది కాదు. ఎండినచో బీటలు వారును. తడిసినచో కాలు దిగబడును. కాలువకు నీరు వదలినది మొదలు నాట్లు పడువరకు ఉండు వ్యవధి స్వల్పము. ఆ స్వల్పకాలములోనే ఊరంతయు దమ్ము చేయవలెను. ఎద్దులు మోకాటిలోతు బురదలో నడచుచు ఎన్నియో సాళ్లు తిరిగిననేగాని మడి నాటుటకు సిద్ధము కాదు. ఎద్దు అలసినచో పని నిలిచిపోవును. పని నిలిచినచో నారు ముదురును.

ఈ కష్టమునకు పరిష్కారము దూరదేశమున మొలకెత్తినది. తొలినాటి ట్రాక్టర్లు నాగలిని బండివలె వెనుక కట్టుకొని లాగుచుండెను. నాగలి దేనికైన తట్టుకొన్నచో ముందుభాగము పైకి లేచి, యంత్రము వెల్లకిల తిరుగబడి తోలువాని ప్రాణము తీయుచుండెను. ఐర్లండు దేశస్థుడైన హారీ ఫెర్గుసన్ దీనికొక ఉపాయము కనిపెట్టెను. నాగలిని మూడు ఉక్కుచేతులతో ట్రాక్టరునకే బిగించి, నూనె ఒత్తిడితో పైకెత్తునట్లును దింపునట్లును అమర్చెను. నేల నాగలిని వెనుకకు లాగినకొలది ఆ బరువు వెనుకచక్రములమీద పడి పట్టు పెరుగును. ముందుచక్రములు నేల విడువవు. 1946 మొదలు 1956 వరకు ఇంగ్లండునందలి కవెంట్రీ నగరమున ఇట్టి బూడిదరంగు ట్రాక్టర్లు ఐదులక్షలకు పైగా తయారైనవి. నేడు మీ యింటి క్రొత్తట్రాక్టరు వెనుకనున్న మూడుచేతులు ఆ ఉపాయమునకు సంతానమే.

మన దేశమున 1959లో ఫరీదాబాదునందు ఐషర్ వారు తొలి స్వదేశీ ట్రాక్టరును వెలువరించిరి. పిమ్మట మద్రాసునందు టాఫే వారు మాసీ ఫెర్గుసన్ బండ్లను తయారుచేయసాగిరి. 1963లో మహీంద్రా వారు అమెరికా దేశపు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థతో చేయి కలిపిరి. 1971లో పింజోరునందు హెచ్.ఎం.టి. వారు చెకోస్లోవేకియా సహకారముతో జెటార్ నమూనాను చేపట్టిరి. ఇంతలో, 1966లో ఫిలిప్పీన్సునుండి వెలువడిన ఐ.ఆర్. 8 వంటి స్వల్పకాలిక వరివంగడములు దాళ్వాపంటకు ఊతమిచ్చినవి. ఒక పంట కోతకును మరియొక పంట నాట్లకును నడుమ వ్యవధి మరింత కుదించుకుపోయెను. రబ్బరుచక్రములకు బదులు ఇనుపకమ్ముల దమ్ముచక్రములు తగిలించుకొని ట్రాక్టరు మన మడులలో దిగినది.

ట్రాక్టరు దిగినకొలది ఎద్దు వెనుకబడినది. ఒంగోలుజాతి పశువులు బ్రెజిల్ దేశమునకు పోయి, అచ్చట నెల్లూరు పేరుతోనే కోట్లసంఖ్యలో వర్ధిల్లినవి. పుట్టినింట మాత్రము వానిని అరకకు కట్టువారు అరుదైరి. ఎద్దును పోగొట్టిన యంత్రమునకే నేడు అదే గతి పట్టుచున్నది. పాతయినుము కొనువాడు తూకము వేసి పట్టుకొనిపోవుచున్నాడు.

మీ కొట్టమున అట్టి యంత్రమున్నచో తూకమునకు ముందు కొంచెము యోచింపుడు. బాగుచేయుట అసాధ్యము కాదు. తొందర మాత్రము పనికిరాదు. ఏండ్లతరబడి నిలిచిన బండిని మరియొక ట్రాక్టరుతో లాగించి స్టార్టు చేయబూనుట మనవైపు వాడుక. అది ప్రమాదము. సిలిండరులో పిస్టను తుప్పుతో పట్టుకొనియున్నచో లోపలి రింగులు విరుగును, కడ్డీలు వంగును. ముందుగా నాజిళ్లు విప్పి, ఒక్కొక్క సిలిండరులో పలుచని నూనె పోసి కొన్నిదినములు నాననీయవలెను. పిమ్మట చేతితోనే మెల్లగా త్రిప్పి చూడవలెను. కదలకున్నచో మరల నూనె పోసి వేచియుండుటయే మేలు.

ఇంజను నూనె వడిచి చూడుడు. అది పాలవలె తెల్లబారియున్నచో నీరు చేరినదని గుర్తు. డీజిలుతొట్టిని కడిగి, జల్లెడలు మార్చి, గొట్టములలోని గాలిని పూర్తిగా తీసివేయవలెను; గాలి చిక్కియున్నంతవరకు ఇంజను అందుకొనదు. ఫెర్గుసన్ వంశపు బండ్లలో గేరులకును, నాగలి నెత్తు ఏర్పాటునకును నూనె ఒక్కటే. దమ్ములో పనిచేసిన బండిలో అచ్చటికి బురదనీరు చేరియుండవచ్చును గనుక దానినిగూడ మార్చవలెను. ఇంజను మ్రోగుటకు ముందే బ్రేకులు సరిచూడుడు. నడచుట వచ్చి నిలుచుట రాని బండి ఇంటికి శత్రువు. అరిగిన భాగములు దొరకనిచో విజయవాడ ఆటోనగరులో పాతభాగములు వెదకువారును, లేతుపై క్రొత్తవి మలచువారును గలరు.

రంగు విషయమున ఒక మనవి. పెండ్లికొడుకువలె మెరయునట్లు రంగు పూయించుట సులభమే. కాని మడుగర్డుమీది సొట్ట ఏ గట్టు దాటునప్పుడు పడినదో, సీటు ఏ తోలువాని కూర్చుండుటచే అరిగినదో తెలిసినవారు మీరే. ఆ గురుతులను చెరిపివేసినచో యంత్రము మిగులునుగాని చరిత్ర మిగులదు. తుప్పు గీకి, నూనె పట్టించి, గురుతులను ఉండనిండు.

అన్నిటికంటె ముఖ్యమొకటి గలదు. ఇంజనుపై చెక్కిన సంఖ్యను, కొనిన సంవత్సరమును, చెల్లించిన ధరను, తొలిసారి దున్నిన పొలమును, తోలినవారి పేర్లను ఒక పుస్తకములో వ్రాసి పెట్టుడు. ముఖ్యముగా తోలినవారి పేర్లు. భూమి దస్తావేజులలో యజమాని పేరుండును. దున్నినవాని పేరు ఎచ్చటను ఉండదు. యంత్రము పాడైన మెకానిక్కు బాగుచేయగలడు. ఆ పేర్లను మాత్రము మీరు తప్ప మరెవ్వరును చెప్పజాలరు. ఈ వేసవిలో కాలువలు కట్టివేసి పనులు లేని దినములలో మనుమలను చెంత కూర్చుండబెట్టుకొని ఆ పుస్తకము మొదలుపెట్టవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాను.