పూచీ నేలది

ఇస్రో పేరు చెప్పగానే ఎవరికైనా శ్రీహరికోట గుర్తొస్తుంది, నిప్పులు చిమ్ముతూ లేచే రాకెట్ గుర్తొస్తుంది. ఆ మంట ఇరవై నిమిషాల ముచ్చట. ఉపగ్రహం బతుకు మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. అన్నేళ్లూ దాని నాడి పట్టుకుని కూర్చునే వాళ్లు బెంగళూరు పీణ్యలో ఉన్నారు. 1976లో పుట్టిన ఆ సంస్థ పేరు ఇస్రో టెలిమెట్రీ, ట్రాకింగ్ అండ్ కమాండ్ నెట్‌వర్క్. అందరూ ఇస్ట్రాక్ అంటారు. దానికి యాభై ఏళ్లు నిండుతున్న వేళ ఈ నాలుగు మాటలు.

రేపు చంద్రుడి మీద మనుషులు కాపురం పెడితే వాళ్ల మంచిచెడ్డలు భూమి మీద నుంచి ఎవరు చూస్తారని బడిపిల్లలు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు సగం చట్టంలో ఉంది. మిగతా సగం ఈ సంస్థ నడిచొచ్చిన దారిలో ఉందని నా నమ్మకం.

ఈ దారి ఇస్ట్రాక్ కన్నా ఒక ఏడాది ముందే మొదలైంది. 1975 ఏప్రిల్ 19న మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట సోవియట్ రాకెట్ మీద నింగికెళ్లింది. దాని మాట వినే చెవుల్లో ఒకటి మాస్కో దగ్గర, ఒకటి మన శ్రీహరికోటలో. పీణ్యలో సమాచారం అందుకోవడానికి గది దొరక్క ఒక మరుగుదొడ్డినే కేంద్రంగా మార్చుకున్నారు. అయిదు రోజులు తిరిగేసరికి ఉపగ్రహంలో కరెంటు సరఫరా దెబ్బతిని ప్రయోగాలు ఆగిపోయాయి. ఆ అయిదు రోజులే మనవాళ్లకు ఓనమాలు. పంపడం ఒక విద్య, పంపినదాన్ని కనిపెట్టుకుని ఉండడం ఇంకో విద్య అని అప్పుడే తెలిసొచ్చింది.

ఆ రెండో విద్య ఎలా ఉంటుందో చెబుతాను. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం ఒక స్టేషన్‌కు కనిపించేది పది, పన్నెండు నిమిషాలు. దాన్ని పాస్ అంటారు. యాంటెన్నా ముందే దిగంతం వైపు తిరిగి కాచుకుని ఉంటుంది. సిగ్నల్ చిక్కగానే తెర మీద అంకెలు కదులుతాయి. బ్యాటరీ ఎంత ఉంది, ఏ పెట్టె వేడెక్కింది, ముఖం ఎటు తిప్పి ఉంది, అన్నీ చూడాలి. పంపాల్సిన ఆజ్ఞలు పంపాలి, అవి చేరాయో లేదో చూసుకోవాలి. ఇంతలో అది అవతలి దిగంతం దాటిపోతుంది. అందుకే లక్నో, తిరువనంతపురం, పోర్ట్ బ్లెయిర్, మారిషస్, బ్రూనై, ఇండోనేషియాలోని బియాక్ వంటి చోట్ల స్టేషన్లు పెట్టుకున్నారు. ఒకరి చేయి జారేసరికి ఇంకొకరు అందుకుంటారు. పండగైనా పబ్బమైనా ఆ కుర్చీ ఖాళీగా ఉండదు.

చట్టం కూడా అడిగేది దాదాపు ఇదే. 1967లో అమల్లోకి వచ్చిన అంతరిక్ష ఒప్పందంలో ఆరో అధికరణం చాలా గట్టిది. ఒక దేశం నుంచి అంతరిక్షంలో జరిగే పని ప్రభుత్వానిదైనా ప్రైవేటు కంపెనీదైనా, దానికి పూచీ ఆ దేశానిదే. కంపెనీకైతే అనుమతి ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు, ఎడతెగకుండా కనిపెట్టి ఉండాలి. ఎనిమిదో అధికరణం ప్రకారం, నమోదు చేసుకున్న దేశానికి తన వస్తువు మీదా అందులోని మనుషుల మీదా అధికారం ఉంటుంది. రెండో అధికరణమేమో చంద్రుడి మీద ఏ దేశమూ పట్టా రాయించుకోకూడదంటుంది. అంటే మన వాళ్ల ఇల్లు మన అధికారం కింద ఉంటుంది, ఇల్లున్న నేల మనది కాదు. వలస అన్న మాటకు చరిత్రలో ఉన్న చెడ్డ అర్థాన్ని ఆ ఒక్క నియమమే తుడిచేయగలదు. నిలబెట్టుకుంటే ఇది మన తరం రాబోయే వాళ్లకు ఇచ్చే పెద్ద ఆస్తి.

ఈ ఏర్పాటు నడుస్తుందా అంటే, నడుస్తోంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 1998లో 15 దేశాలు రాసుకున్న ఒప్పందం మీద నిలబడింది. ఎవరు నమోదు చేసిన గది వారి అధికారం కింద ఉంటుంది. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడ రెండున్నర వారాలకు పైగా ఉన్నారు. ఒక గుమ్మం దాటితే అమెరికా, ఇంకో గుమ్మం దాటితే జపాన్!

చిక్కల్లా దూరంతోనే. చంద్రుడి దాకా మాట చేరడానికి సుమారు 1.3 సెకన్లు. అంగారకుడి దాకా 3 నిమిషాల నుంచి 22 నిమిషాల వరకు పడుతుంది. 2014 సెప్టెంబరు 24 ఉదయం మంగళయాన్ కక్ష్యలోకి చేరేటప్పుడు కబురు రావడానికి పన్నెండున్నర నిమిషాలు పట్టింది. మూడు వందల రోజులు నిద్రపోయిన ఇంజిన్ 24 నిమిషాలు మండాలి, అందులో కొంతసేపు నౌక అంగారకుడి చాటున ఉంటుంది. ఇక్కడి నుంచి ఏమీ చేయలేరు. అందుకే చేయాల్సిన పనులన్నీ పది రోజుల ముందే పంపి, నౌకలో దాచిపెట్టారు. ఆ ఉదయం పీణ్యలో కూర్చున్న వాళ్ల పని వినడమే. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో నాసా యాంటెన్నా చెవి రిక్కించుకుని ఉంది. ఎనిమిది గంటల వేళకు కబురు అందింది.

దూరం పెరిగేకొద్దీ ఆజ్ఞ తగ్గి శిక్షణ పెరగాలని ఇస్ట్రాక్ నేర్చుకున్నది అలాంటి రోజుల్లోనే. అంగారకుడి మీద ఊరు వెలిస్తే దాన్నీ ఇలాగే చూసుకోవాల్సి వస్తుంది. గాలి బిగుతు తగ్గితే తలుపు మూయాలా వద్దా అని ఢిల్లీని అడిగి జవాబు కోసం ముప్పావు గంట ఆగే వీలుండదు. నిర్ణయం అక్కడి వాళ్లది. పూచీ మాత్రం ఇక్కడిదే. ఈ రెండూ ఒకే చేతిలో ఉండాలనే పాత అలవాటును ప్రభుత్వాలు వదులుకోవడం రాకెట్ కట్టడం కన్నా కష్టమని నాకనిపిస్తుంది.

పూచీ గురించి ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పాలి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట ఖాళీ దీవి కాదు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ లేచే నాటికే ఆ అడవి యానాదులకు ఎరుక. ఏ దుంప ఎక్కడ దొరుకుతుందో, ఏ మడుగులో చేప ఉంటుందో వాళ్లకు తెలుసు. ఎన్నో కుటుంబాలు ఆ చోటు వదిలి వెళ్లాయి. ఇలాంటి యాభై ఏళ్ల కథల్లో వాళ్లకూ ఒక పేజీ ఉండాలి.

ఇక చివరగా, కనిపెట్టుకుని ఉండే ఆ విద్య గురించే ఇంకో మాట. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగింది. చివరి ఘట్టమంతా దాని నిర్ణయాలే, పీణ్య నుంచి చూస్తూ ఉన్నారు. సెప్టెంబరు 4న, అక్కడ రాత్రి పడబోయే ముందు, దాన్ని నిద్రపుచ్చారు. ఆ రాత్రి చలికి తట్టుకునేలా కట్టింది కాదని అందరికీ తెలుసు. మళ్లీ ఎండ వచ్చాక, 22న, లేచిందేమోనని పిలిచి చూశారు. జవాబు రాలేదు. పిలుస్తూనే ఉంటామని ఇస్రో ఆ రోజు ప్రకటించింది.