క్రోబో గాజు పూసలు

పశ్చిమాఫ్రికాలోని ఘనా దేశంలో, ఈస్టర్న్ రీజియన్‌కు చెందిన క్రోబో ప్రజలు పాత సీసాలను దంచి తయారుచేసే పూసలు. ఒడుమాసె, సోమాన్యా పరిసరాలు వీటికి ప్రధాన కేంద్రాలు.

తాగి పారేసిన బీరు, శీతల పానీయాల సీసాలను కడిగి, ఇనుప రోట్లో మెత్తగా దంచి జల్లిస్తారు. ఆ పొడిని మట్టి అచ్చుల గుంటల్లో నింపుతారు. గాజు అంటుకోకుండా అచ్చుకు ముందే తెల్లసుద్ద పూత పూస్తారు. బెజ్జం కోసం వాడే ఉపాయం ముచ్చటైనది: ప్రతి గుంట నడుమ కర్రపెండలం ఆకు కాడ ముక్కను నిలబెడతారు. కొలిమి వేడికి గాజు పొడి అతుక్కుని గట్టిపడుతుంది, కాడ కాలిపోయి దారం దూరేంత రంధ్రం మిగులుతుంది. పుట్టమన్నుతో కట్టిన కొలిమిలో దాదాపు 800 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుంది. పొడికి బదులు గాజు పెంకులు వేస్తే కాంతి ప్రసరించే పూసలు వస్తాయి. వాటికి మాత్రం గాజు ఇంకా మెత్తగా ఉండగానే ఇనుప ఊచతో బెజ్జం పొడవాలి. చల్లారాక పూసలను ఇసుక, నీళ్లతో రాతిపై రుద్ది నునుపు చేస్తారు. కొన్నింటిపై రంగు గాజు పొడితో గీతలు, చుక్కలు దిద్ది మళ్లీ కాలుస్తారు.

తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో పూసలు చేసే పద్ధతి వేరు. అక్కడ కరిగిన గాజును సన్నని గొట్టాలుగా సాగదీసి, ముక్కలుగా కోసేవారు.

క్రోబో బాలికలు యుక్తవయసులో జరిపే దిపో వేడుకలో మెడకు, నడుముకు బరువైన పూసల పేటలు ధరిస్తారు. తరాలుగా దాచిన పాత పూసలకు అక్కడ గౌరవం ఎక్కువ. కొఫొరిదువాలో గురువారం జరిగే పూసల సంత ప్రసిద్ధం.