ఆకు కణములో వైరస్ జాడ

తెగులు సోకిన పైరును గట్టు మీద నిలిచి చూచిన రైతునకు పసుపు చారలు మాత్రమే కనిపించును. ఆ చారల లోపల, జీవకణమున ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు అర్ధశతాబ్ది పట్టినది.

1921లో హవాయి ద్వీపములలో, చెఱకుతోటల యజమానులు నెలకొల్పిన పరిశోధనాలయమున కుంకెల్ అను శాస్త్రజ్ఞుడు తెగులు సోకిన మొక్కజొన్న ఆకులను సూక్ష్మదర్శినితో పరీక్షించెను. రోగకణములలో, కణకేంద్రమును అంటిపెట్టుకొని, ముద్దవంటి పదార్థ మొకటి ఆయనకు కనిపించెను. అది అమీబా వంటి ప్రాణియై, తెగులునకు అదియే మూలమై యుండవచ్చునని ఆయన తలచెను. 1923లో అమెరికాలో మెకిన్నీ మున్నగువారు గోధుమ ఆకులలోను అట్టి ముద్దలనే చూచిరి.

చిక్కు ఇచ్చటనే వచ్చినది. ఆ ముద్ద తెగులునకు కారణమా, కార్యమా? వైరస్ కణికలు సామాన్య సూక్ష్మదర్శినికి అందునవి కావు. 1939లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పొగాకు తెగులు వైరస్‌ను తొలిసారి చూపెను. 1960 దశకమున అదే సాధనము గోధుమ చారల తెగులు సోకిన కణములలో, పిల్లలాడుకొను కాగితపు గాలిమరల వంటి ఆకృతులను చూపెను. అవి ప్రాణులు కావనియు, వైరస్ ఆదేశము ననుసరించి కణమే నిర్మించిన మాంసకృత్తులనియు పిమ్మట తేలినది. కణము తన పని మాని, పరుల పని చేయుచున్నదన్నమాట.

రైతునకు కలుగు నష్టమునకు మూలము గూడ కణముననే కలదు. 1957లో కేథరిన్ ఈసా అను విదుషి పసుపు గిడస తెగులు సోకిన బార్లీ మొదలగు గడ్డిజాతి మొక్కలను పరీక్షించి, ఆహారమును మోసికొనిపోవు నాళములలోని కణములు క్షీణించుచున్నవని చూపెను. దారి మూతపడగా, ఆకు వండిన చక్కెర ఆకులోనే నిలిచిపోవును; కంకికి చేరవలసినది చేరదు. పైరు గిడసబారును, గింజ తాలుబోవును.

మన వరిచేలకు వచ్చు తుంగ్రో తెగులును నాళములనే ఆశ్రయించునది. అది పచ్చ దీపపు పురుగు వలన వ్యాపించునని 1965లో ఫిలిప్పీన్స్ దేశమున రివేరా, ఊ అనువారు ప్రకటించిరి. కణములో జొచ్చిన వైరస్‌ను వెడలగొట్టు మందు పొలములో చల్లుటకు నేటికిని లేదు. కనుకనే తట్టుకొను వంగడమును ఎన్నుకొనుట, నారుమడిలోనే పురుగును కనిపెట్టుట, సోకిన దుబ్బును పెరికివేయుట అని పెద్దలు చెప్పుదురు. ఆకు పసుపుబారిన పిమ్మట చేయు వైద్యము కంటె, అంతకు ముందటి జాగరూకతయే మేలు.