నీరు పల్లమెరుగు, మరి నష్టపరిహారం?

లాస్ ఏంజెలెస్ నుంచి ఉత్తరానికి ఐ-5 మీద వెళ్తుంటే సిల్మార్ దగ్గర కొండ మీంచి మెట్లుమెట్లుగా దూకే నీళ్ళు కనిపిస్తాయి. ఏదో పార్కు కాబోలు అనుకునేవాణ్ణి. తీరా చదివితే తెలిసింది, ఈ ఊళ్ళో మేం తాగే నీళ్ళలో కొన్ని అవేనని, వాటి వెనక ఓ చిన్నపాటి యుద్ధమే ఉందని.

1905 నాటికే మాజీ మేయరు ఫ్రెడ్ ఈటన్ ఓవెన్స్ లోయలో భూములు, నీటిహక్కులు కొనడం మొదలెట్టాడు. అవి నగరం కోసమని రైతులకి చెప్పలేదు. వాళ్ళేమో ఫెడరల్ సాగునీటి పథకం వస్తుందని ఎదురుచూస్తున్నారు. 1906లో అమెరికా కాంగ్రెస్ ప్రభుత్వ భూముల మీదుగా దారిచ్చేసింది. 1913 నవంబరు 5 కల్లా విలియం ముల్హాలండ్ 233 మైళ్ళ కాలువ పూర్తిచేసి నీళ్ళు తెచ్చాడు. ఒక్క పంపు కూడా లేదు, అంతా వాలు మీదే! ఇంజనీరుగా దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

1920ల్లో కరువొచ్చింది. నగరం మళ్ళీ కొనడం మొదలెట్టింది. 1924 మేలో రైతులు కాలువని డైనమైట్‌తో పేల్చారు. నవంబరు 16న డెబ్భైమంది దాకా వెళ్ళి అలబామా గేట్లు పట్టుకుని, నీళ్ళని తిరిగి నదిలోకి వదిలేశారు. ఇళ్ళవాళ్ళు కూడా వంటలతో వచ్చి నాలుగురోజులు జాతర చేశారు. 1927లో మళ్ళీ పేలుళ్ళు. ఆ ఆగస్టులో ఉద్యమాన్ని నడిపిన వాటర్సన్ సోదరుల బ్యాంకులు మూతపడ్డాయి. జనం దాచుకున్న డబ్బులు పోయాయి, అన్నదమ్ములు జైలుకెళ్ళారు. దాంతో పోరాటం చల్లబడింది.

"అమ్ముకున్నారుగా, మళ్ళీ గొడవెందుకు?" అనేవాళ్ళుంటారు. నిజమే, నగరం చాలామటుకు కొనుక్కుంది. ప్రజావసరానికి భూమి లాక్కునే హక్కుని ఇక్కడ ఎమినెంట్ డొమైన్ అంటారు. అలా లాక్కుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలని రాజ్యాంగమే చెప్తుంది. కానీ పక్కవాడు అమ్మేస్తే ఉమ్మడి కాలువ బాగుచేసేదెవరు? రైతులు వెళ్ళిపోతే ఊళ్ళో కిరాణాకొట్టు వాడికి బేరమేది? భూమి లేనివాడికి నోటీసూ రాదు, డబ్బూ రాదు. లాక్కోవడం కంటే చడీచప్పుడు లేకుండా కొనడమే వాళ్ళని ఎక్కువ దెబ్బ తీసిందని నాకనిపిస్తుంది.

మన దగ్గర 1894 నాటి భూసేకరణ చట్టం భూమి మీద హక్కున్నవాళ్ళ చుట్టూనే తిరిగింది. 2013 చట్టం వచ్చాకే కౌలుదార్లు, కూలీలు, చేతివృత్తులవాళ్ళు కూడా బాధితుల లెక్కలోకొచ్చారు. అదీ చాలామటుకు భూసేకరణ జరిగితేనే సుమా!

అన్నట్టు, ఎండిపోయిన ఓవెన్స్ సరస్సు దుమ్ము ఆపడానికి ఈ నగరం ఇప్పటిదాకా రెండు బిలియన్ డాలర్ల పైనే ఖర్చుపెట్టింది. ఆ నీళ్ళు తాగేవాణ్ణి కాబట్టి కాలువే వద్దని నేననలేను. కానీ ఆ డబ్బులో కొంత 1905లోనే, అందర్నీ కూర్చోబెట్టి నిజం చెప్పి ఇచ్చుంటే డైనమైట్ అవసరం పడేదా? మీరే చెప్పండి.