మన తిండి, మన చరిత్ర – 9: దొర తిన్న కోడి



"అన్నా, అన్నం మానేసి మాంసం తినమంటున్నరు, ఇదేం డైటు?" అని హాస్టల్ పిల్లలు అడుగుతున్నారు. జవాబు మా ఇంటి పొయ్యి దగ్గర మొదలుపెడతాను.

మా అమ్మకు షుగరు. అన్నం తగ్గించి మాంసం, గుడ్డు, ఆకుకూర పెంచమన్నాడు డాక్టరు. రాత్రిపూట నేనే వండుతాను. అరకిలో బోన్‌లెస్ కోడిమాంసం చిన్న ముక్కలు కోసి ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టిస్తాను. వెడల్పాటి ఇనుప పెనం బాగా కాగాక రెండు చెంచాల నూనె వేసి, ముక్కల్ని ఎడంగా పరుస్తాను. కుప్పగా పోస్తే నీళ్లూరి ఉడుకుతాయి తప్ప వేగవు. ఒకవైపు ఎర్రబడ్డాక తిప్పి, గుప్పెడు గోంగూర, నాలుగు పచ్చిమిర్చి వేస్తాను. మొత్తం 15 నిమిషాలు.

ఈ 15 నిమిషాలకూ చరిత్ర ఉంది. అమ్మ చిన్ననాటి నాటుకోడి ఇంత తొందరగా ఉడికేది కాదు. ఇది ఆరు వారాల బ్రాయిలర్. 1971లో బి.వి. రావు పెట్టిన వెంకటేశ్వర హేచరీస్ లాంటి సంస్థలు కోడిని పెరట్లోంచి షెడ్డులోకి తెచ్చాయి. అంతకుముందు మా వాడలో కోడి ఉండేది, కోడికూర ఉండేది కాదు. గడికి చుట్టాలొస్తే దొర మనిషి వచ్చి కోడిని పట్టుకుపోయేవాడట, పైసా ఇచ్చేది లేదు. వెట్టి అంటే ఒంటి కష్టం ఒక్కటే అనుకుంటాం. కోడి కూడా వెట్టే. "సాకింది మేము, రుచి తెలిసింది దొరకు" అనేది మా నాయనమ్మ.

మాకు మిగిలింది పెద్దకూర, ఎండు తునకలు, జొన్న గటక. ఆ పెద్దకూర పేరుతోనే మనల్ని ఊరవతల పెట్టారని అంబేడ్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో వాదించాడు.

ఇప్పుడు మాంసం మందయింది. ఇదీ కొత్తది కాదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, చక్కెర, బీరు, ఆలుగడ్డ మాని, మాంసం, చేపలు తిని సన్నబడ్డానని చిన్న పుస్తకం అచ్చేశాడు. ఆయన వృత్తి శవాల అంత్యక్రియలు జరిపించడం. మన ఊళ్లో ఆ పని చేసినవాణ్ణి అంటుకోలేదు. అక్కడ ఆయన పేరు డైటుకే పెట్టుకున్నారు! 1972లో అమెరికాలో డాక్టర్ అట్కిన్స్ పుస్తకంతో అదే మాట మళ్లీ లేచింది.

పాత తిండంతా అమృతమని నేననను. జొన్నలోనూ పిండిపదార్థమే ఎక్కువ. 1983లో ఎన్టీఆర్ ఇచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం మా ఇంట్లో ఆకలి తీర్చింది, దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. కానీ పళ్లెంలో బియ్యం తప్ప ఇంకేమీ పెరగలేదు. ఇవాళ తెలంగాణ రేషన్‌లో మనిషికి 6 కిలోల బియ్యం వస్తాయి. షుగరొచ్చిన కూలి మనిషిని మాంసం తినమంటే రోజూ అరకిలో కోడి ఎక్కణ్ణుంచి తెస్తుంది? నాకు జీతముంది కాబట్టి మా అమ్మ తింటోంది.

నిన్న రాత్రి పళ్లెం ముందు పెడితే నాలుగు ముక్కలు తిని తలెత్తింది.

"మంచిగుంది బిడ్డా. జరంత అన్నమెయ్యి, కలుపుకుంట."

వేశాను.